చూసినవాళ్లు 26, పలికినవాళ్లు సున్నా: గ్రూపు అడ్మిన్లకు బహిరంగ లేఖ

స్నేహితుల గ్రూపులు నడిపే అడ్మిన్లకు నమస్కారం.

ఆఫీసు గ్రూపులు, అమ్మకాల గ్రూపులు నడిపేవాళ్లకు రాస్తున్న ఉత్తరం కాదిది. ఇవాళ మనసేం బాగోలేదనో, చాలా రోజులకు హాయిగా నిద్రపట్టిందనో, పరీక్ష పోయిందనో, జ్వరం తగ్గిందనో ఒకరికొకరు చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపులుంటాయే, వాటి అడ్మిన్లకు.

రాత్రి పదింటికి ఒకరు రాస్తారు: "ఇవాళ అస్సలు బాగోలేదు. ఏం చేయాలో తెలియట్లేదు." పంపాక ఫోను పక్కన పెట్టలేరు. కాసేపటికోసారి తీస్తారు. మెసేజీ మీద వేలు నొక్కిపట్టి 'ఇన్ఫో' తెరుస్తారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్లవి కూడా గ్రూపుల్లో ఆగవు కాబట్టి, చదివినవాళ్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. 26 పేర్లు. జవాబు ఒక్కటీ లేదు. పొద్దున్నే ఎవరో గులాబీపువ్వు బొమ్మతో శుభోదయం పెడతారు, దాని వెనకే ఇంకో నలుగురు. రాత్రి మెసేజీ ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. ఆ రాసిన మనిషి గ్రూపులోనే ఉంటారు, పండుగలకు శుభాకాంక్షలూ పెడతారు. మనసులో మాట మాత్రం మళ్లీ అక్కడ చెప్పరు.

గ్రూపులు గొడవలవల్ల చెడిపోతాయని అడ్మిన్ల భయం. అందుకే రాజకీయాలు వద్దు, ఫార్వర్డులు వద్దు అని నియమాలు రాస్తారు. మంచిదే. అయితే గొడవ అందరి కంటా పడుతుంది, ఎవరో ఒకరు సర్దుతారు. జవాబు రాని మెసేజీ ఎవరి కంటా పడదు. ఇలాంటి గ్రూపులు ఎక్కువగా చచ్చేది దానివల్లేనని మా అభిప్రాయం. అందుకని మేము అడిగేది ఒక్కటే. మీ గ్రూపులో ఎవరు మంచి చెప్పుకున్నా, చెడు చెప్పుకున్నా, దాని కింద ఒక మనిషి చేత్తో రాసిన జవాబు తప్పకుండా పడేలా ఏర్పాటు చేయండి.

చదివి ఊరుకున్న ఆ 26 మందీ రాతిగుండెవాళ్లేం కారు. పదిమందిలో పాము చావదని సామెత ఉండనే ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాదాపు ఈ సామెతనే ప్రయోగం చేసి చూశారు. విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడిస్తూ, మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. అది ముందే రికార్డు చేసిన గొంతు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో లేచింది 31 శాతమే. లేవనివాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోలేదు. కొందరికి చేతులు వణికాయి, అరచేతులు చెమటపట్టాయి. ఎవరో ఒకరు చూసుకుంటార్లే అన్న ఆలోచనే వాళ్లను కుర్చీకి కట్టేసిందని ఆ శాస్త్రవేత్తల వివరణ. నలుగురు ఉన్నారనుకుంటేనే అంత తేడా. మీ గ్రూపులో ఎంతమందో ఒకసారి లెక్కపెట్టుకోండి.

వాట్సాప్ ఒక గ్రూపులో 1024 మందిని పట్టనిస్తుంది. పట్టనిచ్చింది కదా అని నింపకండి. మనిషికి బాగా దగ్గరివాళ్లు ఐదుగురు, వాళ్లతో కలిపి పదిహేను మంది, అలాగే 50, 150 అంటూ వలయాలుగా ఉంటారని మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ చెప్పిన లెక్క. ఆ అంకెల మీద పండితులకు తగాదాలున్నా, కష్టసుఖాలు చెప్పుకునే గ్రూపు ఆ పదిహేను దగ్గర ఆగడం మంచిదని గ్రూపు నడిపి చూస్తే తెలిసిపోతుంది. మా లెక్క 8 నుంచి 15. అంతకన్నా తక్కువైతే ఇద్దరికి పనులు తగిలిన రోజున మూడోవాళ్ల మీద బరువంతా పడుతుంది. ఇప్పటికే అరవై మంది ఉన్నారా, ఎవర్నీ తీసేయకండి. పెద్ద గ్రూపును కబుర్లకు ఉంచేసి, దాని పక్కన పదేసి మందితో చిన్న గ్రూపులు కట్టండి. కట్టేటప్పుడు పరిచయాల్ని బట్టి పంచితే బాగుంటుందనిపిస్తుంది. అలా కాకుండా, మెలకువగా ఉండే వేళల్ని బట్టి పంచండి. ప్రతి చిన్న గ్రూపులో రాత్రి పన్నెండు దాటాక మేలుకుని ఉండేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. కష్టాలు ఎక్కువగా బయటికొచ్చేది ఆ వేళకే.

ఇక అసలు ఏర్పాటు: వంతులు. వారానికి ఇద్దరు. ఒక్కరే ఎందుకు కాదంటే, ఆ ఒక్కరికీ జ్వరం వస్తుంది, లేదా ఆ వారం ఏడ్చేది వాళ్లే అవుతారు. ఈ ఇద్దరి పని, కష్టమైనా సుఖమైనా గ్రూపులో పడిన ప్రతి మాటకూ 12 గంటల్లోపు తామో ఇంకొకరో జవాబు రాసేలా చూడటం. సమస్య తీర్చడం వాళ్ల పని కాదు, ఆ మాట మొదటే చెప్పండి. లేకపోతే భయపడి ఎవరూ వంతు తీసుకోరు. తీరిక లేకపోతే ఇంతే చాలు: "చదివాను. ఇప్పుడు పనిలో ఉన్నాను, తొమ్మిదింటికి రాస్తాను." తొమ్మిదింటికి రాయాలి మరి.

ఆ ఇద్దరి పేర్లూ ఒక మెసేజీలో రాసి పైన పిన్ చేయండి. పిన్ చేసేటప్పుడు 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా అని అడుగుతుంది. 7 రోజులు ఎంచుకోండి. వారానికి అది దానంతటదే ఊడిపోతుంది, ఊడిందంటే వంతు మారిందని గుర్తు. వేరే అలారం అక్కర్లేదు.

గుండె బొమ్మ నొక్కడం జవాబు కిందికి రాదని కూడా చెప్పండి. నొక్కినవాళ్లకు పలకరించేశామన్న తృప్తి మిగులుతుంది, రాసినవాళ్లకు బొమ్మ మిగులుతుంది. అసలు జవాబు పడ్డాక మిగతావాళ్లు ఎన్ని బొమ్మలు నొక్కినా అందమే.

జవాబు రాసేటప్పుడు ఆ మెసేజీని కుడివైపు జరిపి, దానికి కట్టే రాయమనండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఇక్కడ జరిగే అనర్థాలు చిన్నవి కావు. ఒకరు "నాన్నని ఐసీయూలో చేర్చాం" అని రాస్తారు. అంతకు అరనిమిషం ముందు ఇంకొకరు ఉద్యోగంలో పైమెట్టు ఎక్కిన సంగతి చెప్పి ఉంటారు. దానికని ఎవరో టైపు చేసిన "కంగ్రాట్స్! పార్టీ ఎప్పుడు?" వచ్చి సరిగ్గా ఐసీయూ కింద పడుతుంది. తర్వాత ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆ వరస కళ్లముందు అలాగే ఉంటుంది.

జవాబు రాకపోవడానికి తప్పు కొన్నిసార్లు రాసే పద్ధతిలోనూ ఉంటుంది. "ఏంటో... లైఫ్." "ఎవరైనా ఉన్నారా?" "హ్మ్." ఇది చల్లకొచ్చి ముంత దాచడం. వాళ్లను తప్పుపట్టలేం. నోరు తెరిచి అడగడం కష్టం కాబట్టే అలా తలుపు కొంచెం తోసి చూస్తారు. కానీ చదివేవాళ్లకు ఎక్కడ పట్టుకోవాలో దొరకదు. అందుకని మూడు ముక్కలు రాయడం అలవాటు చేయించండి. ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, నాకేం కావాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని మొదటి మాటగా పెట్టించండి. 'వినండి', 'సలహా', 'తోడు', 'సంతోషం' అని నాలుగు మాటలు చాలు. తోడు అంటే ఎవరైనా ఫోను చేయండి, ఏదో ఒకటి మాట్లాడండి అని.

అప్పుడు మెసేజీ ఇలా వస్తుంది: "వినండి. ఇంటర్వ్యూ మూడో రౌండులో పోయింది. నెలరోజులు చదివాను. మాట్లాడే ఓపిక లేదు, ఒంటరిగా ఉండాలనీ లేదు." దీని కింద మామూలుగా పడేవి చూడండి. "పోతే పోయింది, ఇంకోటి వస్తుంది." ఓదార్చాలనే రాశారు, కానీ ఆ మాటతో సంగతి ముగిసిపోయింది, ఇక చెప్పడానికేం మిగల్లేదు. "అంతా మన మంచికే." అది ఏడాది తర్వాత ఆ మనిషి తనంతట తాను అనుకోవాల్సిన మాట, ఆ రాత్రి వేరొకరు అనాల్సింది కాదు. "నాకైతే ఐదుసార్లు పోయింది తెలుసా." ఇక ఆ ఐదు ఇంటర్వ్యూల కథే నడుస్తుంది. "రెజ్యూమె మార్చి చూడు." వినండి అన్నాక కూడా.

పనికొచ్చే జవాబులో రెండే ఉంటాయి. వాళ్ల మాటల్లోంచి ఒక ముక్క, ఒక ప్రశ్న. "నెలరోజులు చదివి మూడో రౌండు దాకా వెళ్లాక పోవడం... ఎక్కడ ఆగింది?" అంతే. మూడు ప్రశ్నలు అడిగితే విచారణ అయిపోతుంది. సలహా తన్నుకొస్తుంటే ముందు అడగండి: "నాకొకటి తోస్తోంది, చెప్పనా?" వద్దంటే మింగేయాలి. ఒక్క మినహాయింపు ఉంది. గుండెలో నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివి రాస్తే పైన 'వినండి' అని ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లమనాలి. మందుల పేర్లు, మోతాదులు మాత్రం గ్రూపులో ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

రాతలో గొంతు వినిపించదన్న సంగతి అందరికీ తెలుసు, ఎంత వినిపించదో తెలియదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తాము వెటకారంగా అన్నామో మామూలుగా అన్నామో చదివేవాళ్లు 78 శాతం సార్లు పట్టేస్తారని ఈమెయిల్ రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా పట్టింది 56 శాతం సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది. కాబట్టి దిగులు మెసేజీ కింద హాస్యం వద్దు, మీరెంత దగ్గరివాళ్లైనా. గొంతు కావాలంటే వాయిస్ నోట్ పెట్టండి. నిమిషం దాటనివ్వకండి, కింద ఒక్క లైనులో సారం రాయండి. నలుగురి మధ్య ఉన్నవాళ్లు వినలేరు, తర్వాత విందాంలే అని మరిచిపోతారు.

ఇంతసేపూ కష్టాలే చెప్పాం. నిజానికి గ్రూపుల్లో ఎక్కువ అన్యాయం జరిగేది మంచి కబుర్లకు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004లో తన బృందంతో కలిసి, మంచి వార్తకు మనుషులు స్పందించే తీరును నాలుగు రకాలుగా విడదీసి చూపారు. "డ్రైవింగ్ టెస్టు పాసయ్యాను, మూడోసారికి!" అని ఒకరు రాశారనుకోండి. "అబ్బ! మూడోసారి సీట్లో కూర్చోగానే ఏమనిపించింది? రివర్స్ ఎలా తిప్పావు?" అన్నది ఒక రకం. "గుడ్" అన్నది రెండో రకం. "ఇక జాగ్రత్త, రోడ్లన్నీ ఎలా ఉన్నాయో చూస్తున్నాంగా" అన్నది మూడోది. "నాకు పొద్దున్నించీ ఒకటే తలనొప్పి" అన్నది నాలుగోది. దంపతుల్ని పరిశీలిస్తే, అవతలివాళ్లు మొదటి రకంగా స్పందిస్తారని అనుకునే జంటల్లోనే అనుబంధం బాగున్నట్టు తేలింది. రెండో రకం కూడా మేలు చేయలేదు. 'గుడ్' అన్న మాటలో చెడేముందని మనం అనుకుంటాం. చెప్పినవాళ్లకు అది తలుపు వేసిన చప్పుడులా వినిపిస్తుంది.

మీ గ్రూపులో మంచి కబుర్లు తగ్గాయంటే ఎవరికీ మంచి జరగట్లేదని కాదు. పైన ఒకరు ఏడుస్తుంటే కింద మన సంతోషం ఏం చెబుతాం అని ఆగిపోతారు. దీనికి చాలామంది అడ్మిన్లు 'శనివారం శుభవార్తల రోజు' అని పెడతారు. మాకది నచ్చదు. మూడో వారానికి హాజరు వేయించుకున్నట్టు తయారవుతుంది. దానికన్నా వంతులో ఉన్నవాళ్లు పేరుపెట్టి అడగడం మేలు: "సోమవారం పరీక్ష అన్నావు, ఎలా రాశావు?"

అలా అడగాలంటే గుర్తుండాలి. ఫోనులోనే ఒక చిట్టా పెట్టుకోండి. పేరు, సంగతి రెండు మాటల్లో, మళ్లీ అడగాల్సిన తారీఖు. రిపోర్టు వచ్చే రోజు, కోర్టు వాయిదా, పోయినవాళ్ల నెల తిరిగే రోజు. వంతు మారినప్పుడు చిట్టా చేతులు మారాలి. ఒకరు పోయారని రాస్తే మొదటిరోజు నలభై మెసేజీలు వస్తాయి. పదోరోజున ఒక్కటీ ఉండదు, ఇల్లు ఖాళీ అయ్యేది మాత్రం పదోరోజుకే. మొదటిరోజు అందరూ రాస్తారు, వంతులో ఉన్న ఇద్దరూ 3వ రోజు, 10వ రోజు, 30వ రోజు రాసేలా చూడండి.

ఒకే సంగతి మళ్లీమళ్లీ వస్తుంటే ఏం చేయాలి? అమాండా రోజ్ 2002లో బడిపిల్లల మీద చేసిన పరిశోధనలో, స్నేహితులు కలిసి ఒకే బాధను తవ్వుకుంటూ కూర్చునేచోట స్నేహం గట్టిగా ఉండటం, దిగులూ ఆందోళనా ఎక్కువగా ఉండటం రెండూ కనిపించాయి. దగ్గరవుతున్నట్టే ఉంటుంది, కలిసి మునుగుతూ ఉంటారు. అదే సంగతి, అవే మాటలతో మూడోసారి వస్తే ప్రశ్న మార్చండి: "పోయిన వారానికీ ఇప్పటికీ ఏమైనా తేడా ఉందా? రేపు చేయగల చిన్న పని ఏదైనా తోస్తోందా?" విసుగు చూపించకండి. రాత ఇష్టపడేవాళ్లకు మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ పద్ధతి చెప్పవచ్చు. ఆయన 1986లో ప్రచురించిన ప్రయోగంలో వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, ఆ రాతల్ని గుట్టుగా ఉంచుతూ మనసులోది రాయించారు. రాసిన వెంటనే ఇంకాస్త దిగులనిపించడం మామూలే, ఆ మాట ముందే చెప్పండి.

గుట్టు సంగతి. మాయమయ్యే మెసేజీలు 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు రకాలున్నాయి. ఇలాంటి గ్రూపుకు 7 రోజులు సరిపోతుంది. ఒక్కరోజుకు పెడితే ఎవరేం రాశారో గుర్తుండక మళ్లీ అడగలేరు. అయితే మాయమైపోతుంది కదా అని ధీమా పడకండి. స్క్రీన్‌షాట్ తీస్తే ఎవరికీ తెలియదు. 'అధునాతన చాట్ గోప్యత' ఆన్ చేస్తే చాట్‌ను మొత్తంగా ఎగుమతి చేయడం ఆగుతుంది, స్క్రీన్‌షాట్ ఆగదు. క్లౌడ్‌లో దాచే బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ తాళం ఎవరికి వారు వేసుకోవాలి, వాళ్లతో వేయించండి. 'మీడియా విజిబిలిటీ' ఆపకపోతే గ్రూపులో పెట్టిన గాయం ఫొటో గ్యాలరీలో చేరి, ఇంకెవరికో పెళ్లి ఫొటోలు చూపిస్తున్నప్పుడు తగులుతుంది. లాక్ స్క్రీన్ మీద మెసేజీ కనిపించకుండా చేయమనండి. ఇవేవీ మనుషుల్ని కట్టడి చేయవు, పొరపాట్లను మాత్రం ఆపుతాయి. కావాలని బయటపెట్టినవాళ్లను రెండో మాట లేకుండా తీసేయాలి. ఇక్కడ మెతకతనం పనికిరాదు. గ్రూపులో లేని మూడోమనిషి పేరు ఎవరూ రాయకూడదన్నది కూడా నియమాల్లో పెట్టండి. "మా బాస్" చాలు, బాస్ పేరెందుకు.

కొత్తవాళ్లను చేర్చేముందు అందర్నీ అడగండి. పదిమంది ఎదుట గుండె విప్పినవాళ్లు పదకొండో మనిషికి ఒప్పుకోలేదు. ఒక్కరు వద్దన్నా ఆగండి, ఎవరు వద్దన్నారో చెప్పకండి. ఇక వెళ్లిపోయేవాళ్ల సంగతి. 2022 నుంచి ఎవరు గ్రూపు వదిలినా ఆ కబురు అడ్మిన్లకే వస్తుంది. విడిగా ఒక్కసారి రాయండి: "వెళ్లారని చూశాను. కారణం చెప్పక్కర్లేదు. రావాలనిపిస్తే ఒక్క మాట చాలు." రెండోసారి రాయకండి.

చివరిది. ఎప్పుడో ఒకరోజు ఒకరు "నేను లేకపోతే అందరికీ హాయి" అని రాస్తారు. దాన్ని గ్రూపులో చర్చకు వదలకండి. వంతులో ఉన్న ఇద్దరిలో ఒకరు వెంటనే ఫోను చేయాలి. గొంతు కావాలి, రాత సరిపోదు. డొంకతిరుగుడు లేకుండా అడగాలి: "చనిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. రెండోవాళ్లు ఈలోపు ఆ మనిషికి దగ్గరలో ఉన్నవాళ్లకు, అత్యవసర సేవలకు ఫోను చేయాలి. గదిలోకి ఇంకో మనిషి వచ్చేదాకా మొదటివాళ్లు ఫోను పెట్టేయకూడదు. ఇదంతా బెడిసికొట్టేది ఎక్కడంటే, ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుకున్న స్నేహితుల చిరునామా కూడా తెలియకపోవడం దగ్గర. అందుకే చేరిన రోజే ఇంటి చిరునామా, దగ్గరలో ఉండే ఒకరి నంబరు తీసుకోండి. అడ్మిన్ల దగ్గరే ఉంచండి, గ్రూపులో పెట్టకండి. ఆర్నెల్లకోసారి ఆ నంబరు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోండి.

వంతులూ చిట్టాలూ కుదరడానికి నెల పడుతుంది. ఈలోగా ఇవాళ చేయగలిగింది ఒకటుంది. మీ గ్రూపు తెరిచి పైకి జరుపుకుంటూ వెళ్లండి. చదివినవాళ్ల పేర్లుండి, జవాబు లేని మెసేజీ ఒకటి తప్పకుండా తగులుతుంది. దాన్ని కుడివైపు జరిపి రాయండి: "మూడు వారాల కింద నువ్వు రాసింది ఇప్పుడు మళ్లీ చదివాను. అప్పుడూ చూశాను, పలకలేదు. ఆ సంగతి ఎందాకా వచ్చింది?"

ఇట్లు,
ఇలాంటి గ్రూపులు నడిపే కొందరం